బెంగళూరులో హోండా సిటీ పెట్రోల్ పది మైలేజ్ ఇస్తోంది, టర్బోకి మారాలా లేక ఉన్న బండికే ఖర్చు పెట్టాలా?

కసవనహళ్లి సీమోడు:

అన్నలూ, కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నాది 2021 హోండా సిటీ, ఐదో జనరేషన్, జెడ్ఎక్స్ పెట్రోల్ మాన్యువల్. యాభై వేల కిలోమీటర్లకు దగ్గర పడింది. ఇల్లు కసవనహళ్లి, ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ టెక్ పార్క్ పక్కన. పదహారు కిలోమీటర్లు. సాయంత్రం ఇంటికి చేరడానికి గంటంబావు, వాన పడిందంటే ఇక దేవుడికే ఎరుక. డిస్‌ప్లేలో మైలేజ్ పది దగ్గర ఆడుతూ ఉంటుంది, ఒక్కో వారం 9.6 కూడా చూపిస్తుంది. అదే బండిని అనంతపురం తీసుకెళ్తే, బాగేపల్లి దాటాక 90లో పెట్టి వదిలేస్తే 19కి తగ్గదు. కంపెనీ చెప్పింది 17.8. అంటే హైవే మీద కంపెనీ మాట కంటే ఎక్కువే ఇస్తోంది, ఊళ్లోకి రాగానే సగమైపోతోంది.

ఆఫీసులో ఒకాయన ఇదంతా ఈ20 పెట్రోల్ (ఇరవై శాతం ఇథనాల్ కలిపింది) పుణ్యమే అంటాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ట్రాఫిక్ సార్" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. మా బావమరిదేమో సెడాన్ అమ్మేసి పెద్ద ఎస్‌యూవీ కొనమంటాడు, ఆ మాట నేను వినదలచుకోలేదు కాబట్టి దయచేసి ఇక్కడ ఎవరూ అనొద్దు.

ఈమధ్య హ్యుందాయ్ వెర్నా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే రకం) టెస్ట్ డ్రైవ్ చేశా, హెబ్బాళ్ దాటాక ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద. ఏం లాగుడు సామీ అది! అప్పట్నుంచి నా బండి ఎక్కితే ఎద్దుల బండి ఎక్కినట్టుంది. స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ కూడా చూద్దామనుకుంటున్నా. మా ఆవిడ మాత్రం "ఉన్న బండికి ఏం రోగం?" అంటోంది.

నా డౌట్లు ఇవీ. ఊళ్లో పది మామూలేనా, బండిలో ఏదైనా తేడా ఉందా? టర్బోకి మారితే మైలేజ్ ఇంకా పడిపోతుందా? మారకుండా ఉన్నదానికే రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం), ఎయిర్ ఫిల్టర్, వెడల్పు టైర్లు లాంటివి చేయిస్తే పికప్ కానీ మైలేజ్ కానీ మెరుగవుతుందా? ఇంకోటి, 95 ఆక్టేన్ పెట్రోల్ కొట్టిస్తే లాభం ఉంటుందా? టైర్లు ఎలాగూ అరిగిపోయాయి, వచ్చే నెల మార్చాల్సిందే.

యలహంక స్లావియా:

నాది స్లావియా 1.0 టీఎస్ఐ (అంటే టర్బో) మాన్యువల్, అంతకుముందు నాలుగో జనరేషన్ సిటీ నడిపా, కాబట్టి రెండు వైపులా కాస్త తెలుసు.

ముందు లెక్క చూడు తమ్ముడూ. పదహారు కిలోమీటర్లకు గంటంబావు అంటే గంటకు 13 కిలోమీటర్ల లోపే. ఆ స్పీడులో ఏ మామూలు పెట్రోల్ సెడాన్ అయినా తొమ్మిదీ పదకొండూ మధ్యే ఇస్తుంది, దాని మీద ఏ కంపెనీ పేరు ఉన్నా సరే. ఆ గంటంబావులో అరగంటకు పైగా నువ్వు కదలకుండా నిలబడే ఉంటావు, మారతహళ్లి బ్రిడ్జి దగ్గరే పావుగంట పోతుంది. ఏసీ వేసుకుని నిలబడితే 1.5 ఇంజిన్ గంటకు దాదాపు లీటరు దాకా తాగుతుంది. అంటే ఒక పూటకు అర లీటరు చక్రం తిరగకుండానే పోయింది. పది మైలేజ్ లెక్కన నీ ట్రిప్పుకి మొత్తం 1.6 లీటర్లు పడుతుంటే అందులో అర లీటరు నిలబడినందుకే. దాన్ని తీసేసి చూస్తే నీ బండి కదిలినంత సేపూ 14కి పైనే ఇస్తోంది. రోగం బండికి కాదు, ఔటర్ రింగ్ రోడ్డుకి.

డిస్‌ప్లేని కూడా పూర్తిగా నమ్మకు. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, ఫుల్ ట్యాంక్ కొట్టించి మళ్లీ ఫుల్ ట్యాంక్‌కి లెక్కేయి. ఆటోమేటిక్‌గా కట్ అయ్యాక "రౌండ్ ఫిగర్ చేద్దాం సార్" అని ఇంకో అర లీటరు పోస్తారు చూడు, దాంతో లెక్క మొత్తం పాడవుతుంది.

ఇక టర్బో సంగతి. నీకు వెర్నా అంత బలంగా అనిపించడానికి ఇంజిన్ ఒక్కటే కారణం కాదు, మనం ఉన్న ఊరు కూడా కారణం. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పల్చన, చెన్నైలో కంటే ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. టర్బో లేని ఇంజిన్ ఎంత గాలి పీల్చుకుంటే అంతే బలం, కాబట్టి నీ సిటీకి కాగితం మీద ఉన్న 121 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) ఇక్కడికి వచ్చేసరికి 110 దగ్గరే అనుకో. టర్బో అయితే తక్కువైన గాలిని తనే ఎక్కువ నొక్కి పంపి ఆ తేడాని చాలావరకు పూడ్చేస్తుంది. చెన్నైలో అదే సిటీ, అదే వెర్నా పక్కపక్కన నడిపి చూస్తే నీకు ఇంత తేడా అనిపించదు.

నా 1.0కి 115 పీఎస్, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 178 ఎన్ఎం. ఆ టార్క్ 1750 ఆర్‌పీఎం దగ్గర నుంచి వస్తుంది, దాని కింద మూడు సిలిండర్ల బుజ్జి ఇంజినే. స్పీడ్ బ్రేకర్ దాటి సెకండ్‌లో లాగాలంటే కాస్త ఆలోచిస్తుంది. మీ సిటీ 1.5 ఆ విషయంలో నయం, మెత్తగా వెళ్లిపోతుంది. ఊళ్లో నాకు 11, హైవే మీద 90-100లో 19, 120 పట్టిస్తే 15కి దిగుతుంది. టర్బోలన్నీ ఇంతే, కాలు బరువైతే మైలేజ్ ఎక్కడ పోయిందో వెతుక్కోవాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయే సిస్టమ్ ఉంది కానీ ఏసీ వేసుకుంటే లోపల వేడెక్కగానే మళ్లీ స్టార్ట్ అవుతుంది, ఏప్రిల్‌లో దాని వల్ల ఒరిగేదేం లేదు.

1.5 టీఎస్ఐ అయితే 150 పీఎస్, 250 ఎన్ఎం, లోడు లేనప్పుడు నాలుగులో రెండు సిలిండర్లు ఆపేస్తుంది. అది హైవేలో సమంగా వెళ్లేటప్పుడు పనికొచ్చే విద్య. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో దానికి ఆ అవకాశమే రాదు.

టర్బో రెడ్డి:

వచ్చేశా. వెర్నా 1.5 టర్బో డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్), 2023 మోడల్. 160 పీఎస్, 253 ఎన్ఎం, 1500 నుంచి 3500 దాకా ఆ టార్క్ అట్లా బల్లపరుపుగా ఉంటుంది. నేనుండేది హెచ్ఎస్ఆర్, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ.

నిజం చెప్తా, మైలేజ్ పెరుగుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. ఊళ్లో నాకు 9, ఆదివారం ఖాళీ రోడ్డు దొరికితే 12. కర్నూలు వెళ్లేటప్పుడు 100 దాటకపోతే 17 దాకా వస్తుంది, కానీ దాటకుండా ఉండటమే కష్టం. కంపెనీ లెక్క 20.6 అట, ఆ లెక్క కట్టినవాడి ముందు లారీ లేదు, వెనక ఆటో లేదు.

అయినా ఒక మాట. మైలేజ్ కోసమే అయితే ఈ సెగ్మెంట్‌లోకి ఎందుకొచ్చాం భయ్యా? ఎన్‌హెచ్ 44లో పెనుకొండ దగ్గర వరసగా మూడు లారీలు వెళ్తుంటే వాటిని ఓవర్‌టేక్ చేయడానికి సిటీలో థర్డ్‌కి దించి 5000 దాకా గుంజాలి. నాకు కాలు కాస్త వేస్తే చాలు, పక్క లేన్‌లో ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది కదా. ఇది సరదా మాత్రమే కాదు, సేఫ్టీ కూడా.

ఒక్క జాగ్రత్త. ఇందులో ఉన్నది డ్రై క్లచ్ డీసీటీ. బంపర్ టు బంపర్‌లో అంగుళం అంగుళం పాకిస్తూ పోతే లోపల క్లచ్ సగం పట్టీ పట్టక జారుతూ వేడెక్కుతుంది, అచ్చం మనం మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ వేసినట్టే. ముందు బండికీ మనకూ ఒక కారు పట్టేంత ఖాళీ రానిచ్చి అప్పుడు కదలాలి. ఆ ఖాళీలో ఆటోవాడు దూరతాడు, దూరనీ. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలబెట్టకూడదు, బ్రేక్ నొక్కాలి. ఈ అలవాటు లేనివాళ్లు మాన్యువల్ తీసుకోవడం మేలు.

ఇంకోటి, డబ్బు లెక్క. కర్ణాటకలో 10 నుంచి 20 లక్షల బండికి లైఫ్ ట్యాక్స్ 17 శాతం, దాని మీద సెస్సు. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్చాక మన సైజు పెట్రోల్ సెడాన్ల మీద పన్ను 45 నుంచి 40కి దిగింది, అదొక్కటే ఊరట. కొత్త బండికి రోడ్ ట్యాక్స్ కట్టే డబ్బుతో నీ సిటీకి రెండేళ్లు పెట్రోల్ కొట్టించొచ్చు. మనసు పడితే కొను, ఆదా అని మాత్రం మీ ఆవిడకి చెప్పకు, లెక్క అడిగితే దొరికిపోతావు.

వర్క్‌షాప్ మామ:

కల్యాణ్ నగర్‌లో పదిహేనేళ్లుగా చిన్న గ్యారేజీ నడుపుతున్నా, మాది నెల్లూరు. సీమోడూ, నీ ప్రశ్నల్లో డబ్బు తగలేసేవి మూడున్నాయి, ముందు వాటి గురించి రాస్తా.

రీమ్యాప్: నీ బండికి టర్బో లేదు. ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) ఎంత గిలికినా ఇగ్నిషన్ టైమింగూ, యాక్సిలరేటర్ స్పందనా కాస్త మార్చడమే, నాలుగైదు హార్స్‌పవర్ వస్తే గొప్ప. పెడల్ మొదటి సగంలోనే థ్రాటిల్ ఎక్కువ తెరిచేలా చేస్తారు, బండి చురుగ్గా మారినట్టు అనిపిస్తుంది, నిజంగా మారదు. టర్బో బండ్లకైతే రీమ్యాప్‌తో పవర్ బాగా పెరుగుతుంది, అబద్ధం లేదు, బూస్ట్ పెంచితే చాలు. కానీ గేర్‌బాక్స్ మాటేంటి? స్లావియా, వర్టస్ 1.5లో వచ్చే ఏడు గేర్ల డీఎస్‌జీ (వాళ్ల డీసీటీ పేరు) డీక్యూ200 రకం. అది 250 ఎన్ఎం కోసం చేసిన పెట్టె, ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడే 250 ఇస్తోంది. దాని మీద ఇంకో 60, 70 ఎక్కిస్తే క్లచ్ ప్యాక్ ఎన్నాళ్లు ఉంటుందో మీరే చెప్పండి. పైగా ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లలో సాఫ్ట్‌వేర్ మార్చినట్టు షోరూమ్ కంప్యూటర్‌కి తెలిసిపోతే టీడీ1 అని మార్క్ పడుతుంది, ఇక ఇంజిన్ వారంటీ మర్చిపోవాల్సిందే. మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ వేసి తీసుకెళ్లినా ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్క అందులోనే ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ రోజున ఇంకో తలనొప్పి.

ఎయిర్ ఫిల్టర్: నూనె పూసిన కాటన్ ఫిల్టర్లు వేయించుకుని చాలామంది వస్తుంటారు. సౌండ్ మారుతుంది, మైలేజ్ మారదు. ఇప్పటి ఇంజిన్ ఎంత గాలి వస్తే దానికి తగ్గట్టు పెట్రోల్ కొలిచి పోస్తుంది. వర్తూరు వైపు దుమ్ములో తిరిగే బండికి కంపెనీ పేపర్ ఫిల్టరే మంచిది, కాకపోతే పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే మార్చు.

95 ఆక్టేన్: ఆక్టేన్ అంటే పెట్రోల్ తనంతట తాను ముందే అంటుకోకుండా తట్టుకునే శక్తి, అందులో ఎక్కువ బలం ఉందని కాదు. నీ ఇంజిన్ మామూలు పెట్రోల్‌కే ట్యూన్ చేసి ఉంది. టర్బో వాళ్లకు ఎండాకాలంలో, ఘాట్ ఎక్కేటప్పుడు కాస్త మెత్తగా అనిపించొచ్చు. నీకు మాత్రం బంకు వాడికి దానం చేసినట్టే.

ఇక టైర్లు, ఇది వివరంగా చెప్పాలి. నీకు కంపెనీ ఇచ్చింది 185/55 ఆర్16, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. చాలామంది 195/55 ఆర్16 వేయించేస్తారు, షాపు వాళ్లు కూడా అదే అంటగడతారు. దాంతో చక్రం వ్యాసం 610 మిల్లీమీటర్ల నుంచి 621కి పెరుగుతుంది, అంటే దాదాపు 1.8 శాతం. చక్రం పెద్దదైంది కాబట్టి మీటరు తక్కువ తిరుగుతుంది, నువ్వు 100 కిలోమీటర్లు వెళ్తే 98 చూపిస్తుంది, మైలేజ్ పడిపోయిందని నువ్వు కంగారు పడతావు. నిజంగా పడేది వెడల్పు వల్ల కాస్తంత. లాభం ఏంటంటే బండి ఐదారు మిల్లీమీటర్లు లేస్తుంది, గుంటల్లో దెబ్బ కొంచెం మెత్తగా తగులుతుంది. 205/50 ఆర్16 అయితే వ్యాసం దాదాపు అంతే ఉంటుంది కానీ స్టీరింగ్ బరువు, పెట్రోల్ ఖర్చు రెండూ పెరుగుతాయి, సైడ్‌వాల్ కూడా పెద్దగా పెరగదు, మన రోడ్లకు నేను చెప్పను. 205/55 జోలికి అసలు పోకు, మూడున్నర శాతానికి పైగా తేడా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకునే అవకాశం ఉంది.

నన్నడిగితే అదే సైజులో మంచి టైరు వేయించి, అలైన్‌మెంట్ చేయించి, మిగిలిన డబ్బు జేబులో పెట్టుకో.

అసలు బండిలో తేడా ఉందో లేదో తెలియాలంటే ఖాళీ రోడ్డు మీద 60లో న్యూట్రల్ చేసి ఎంత దూరం దొర్లుతుందో చూడు. బ్రేక్ ప్యాడ్ పట్టేసి ఉంటే తెలిసిపోతుంది. ఒక అరగంట నడిపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోకు, దగ్గరగా పెడితే చాలు, ఒకటే ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు క్యాలిపర్ చూపించు. హైవే మీద 19 వస్తోందంటున్నావు కాబట్టి నాకు ఆ అనుమానం కూడా తక్కువే. ఆయిల్ 0డబ్ల్యూ-20 (పల్చటి రకం) వేస్తున్నారో లేదో బిల్లులో చూసుకో, బయట షాపుల్లో డ్రమ్ములో ఉన్న చిక్కటి ఆయిల్ పోసేస్తారు.

హైబ్రిడ్ పంతులు:

అందరూ టర్బో టర్బో అంటున్నారు, ఊళ్లో మైలేజ్ అడిగిన మనిషికి హైబ్రిడ్ గురించి ఒక్కరూ చెప్పలేదు. నాది సిటీ ఈ:హెచ్ఈవీ, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు ఉన్న సిటీ, 2022లో వచ్చిన కొత్తలో తీసుకున్నా. వైట్‌ఫీల్డ్ నుంచి మాన్యతా టెక్ పార్క్. ఊళ్లో 21, 22 వస్తోంది. హైవే మీద కూడా దాదాపు అంతే, కొన్నిసార్లు ఊళ్లో కంటే తక్కువ. చదువుతుంటే తప్పు రాశాననిపిస్తుంది కానీ అదే దాని పద్ధతి.

తక్కువ స్పీడులో చక్రాలను తిప్పేది మోటారు, 253 ఎన్ఎం. ఇంజిన్ అవసరమైనప్పుడు జనరేటర్‌లా నడిచి కరెంటు ఇస్తుంది, బ్యాటరీ నిండుగా ఉంటే పడుకుంటుంది. బ్రేక్ వేసిన ప్రతిసారీ కొంత కరెంటు వెనక్కి వస్తుంది. ట్రాఫిక్‌లో మీకు పెట్రోల్ కాలిపోయే ఆ అరగంటా నా ఇంజిన్ చాలావరకు ఆగే ఉంటుంది, ఏసీ కూడా బ్యాటరీ మీదే. హైవే మీద సమమైన స్పీడుకి వచ్చాక మాత్రమే క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. డిక్కీ మామూలు సిటీలో 506 లీటర్లు, ఇందులో 306. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు అత్తగారు ఇచ్చే బియ్యం బస్తా, పచ్చళ్ల డబ్బాలు వెనక సీట్లో కూర్చుంటాయి. గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, స్పీడు దాని వెనకాల వస్తుంది. రెడ్డి గారి బండిలా వీపు సీటుకి అతుక్కోదు. ధర పెట్రోల్ మీద బాగా ఎక్కువ, నెలకు వెయ్యి, పన్నెండొందల కిలోమీటర్లు మించి ఊళ్లోనే తిరిగేవాళ్లకే ఆ తేడా వెనక్కి వస్తుంది. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఉంది కాబట్టి దాని టెన్షన్ నాకు లేదు.

ఈ20 గురించి ఆఫీసు ఆయనకి ఇది చూపించండి. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పది శాతం నుంచి ఇరవైకి పెంచితే లెక్క ప్రకారం పోయేది మూడున్నర శాతం అటూ ఇటూ. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లో కూడా ఈ10కి చేసి ఈ20కి ట్యూన్ చేసిన కార్లకు ఒకటి రెండు శాతం, అసలు ఇథనాల్ లేని పెట్రోల్‌కి చేసిన పాత కార్లకు ఆరేడు శాతం తగ్గుతుందని రాశారు. అంటే మీకు 10.5 వచ్చేది 10 అయి ఉండొచ్చు. 15 వచ్చేది 10 అయిందంటే అది ఈ20 పని కాదు.

యలహంక స్లావియా:

పంతులు గారు చెప్పింది కరెక్టే, కానీ సీమోడికి పికప్ మీద మనసు పడింది, ఆయనకి హైబ్రిడ్ చూపించడం అంటే బిర్యానీ అడిగిన వాడికి కొర్రన్నం పెట్టడమే 😀

సీరియస్‌గా ఒక విషయం చెప్పాలి. సిటీ గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లు, నాది 179. మా లేఅవుట్‌లో ఎవరో సొంతంగా కట్టించిన స్పీడ్ బ్రేకర్ల మీద ఐదుగురితో వెళ్తే పాత సిటీ అడుగు రాసుకునేది, దీనికి ఆ బాధ లేదు. సిటీలో అడుగు రాసుకోకుండా స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకునేవాళ్లు ఉన్నారు, మామ గారు వాటి గురించి ఏమంటారు?

వర్క్‌షాప్ మామ:

వద్దంటాను. స్ప్రింగు ఎక్కడ ఎంత నొక్కుకోవాలో లెక్కేసి చేస్తారు. మధ్యలో రబ్బరు ముక్క పెడితే ఆ రెండు చుట్లు కదలవు, మిగతా చుట్ల మీద భారం పడుతుంది, షాకబ్జార్బర్ కూడా తొందరగా లీకవుతుంది. యాభై వేలు దాటిన బండి వెనక కూర్చుండిపోతోందంటే షాకులు చూపించండి, బుష్‌లు చూపించండి.

చెన్నై సియాజ్:

పక్క ఊరి వాడిని, చదువుతూ ఊరుకోలేక రాస్తున్నా. మారుతి సియాజ్ 1.5 మాన్యువల్, 105 పీఎస్, మీ లెక్కల్లో నాది ముసలి బండి. వేళచ్చేరి నుంచి గిండీ రోజూ. ఊళ్లో 13, 14, తడ మీదుగా నెల్లూరు వెళ్తే 21. కారణం ఏం లేదు, బండి తేలిక, మీ అందరి బండ్ల కంటే తక్కువ బరువు. 2025లో కంపెనీ దీన్ని ఆపేసింది. సెకండ్ హ్యాండ్‌లో మంచి ధరకు దొరుకుతోంది, ఎయిర్‌బ్యాగులు రెండే, అది మాత్రం ఆలోచించుకోండి.

టర్బో రెడ్డి:

డీజిల్ సిటీ ఉన్నన్నాళ్లూ ఈ గోలే లేదు. కంపెనీ లెక్క 24.1, హైవేలో నిజంగానే ఇచ్చేది. 2023లో కొత్త ఎమిషన్ రూల్స్ వచ్చాక అదీ పోయింది, వెర్నా కొత్త మోడల్‌కి డీజిలే రాలేదు. ఇప్పుడు ఈ సైజు సెడాన్‌లో డీజిల్ కావాలంటే పాతవే గతి.

సీమోడూ, నువ్వు ఏం తేల్చుకున్నావో చెప్పు. ఇంకోసారి టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్ట్ రోడ్డుకి కాదు, సాయంత్రం ఆరింటికి మారతహళ్లికి తీసుకెళ్లు. సేల్స్ కుర్రాడు ఒప్పుకోడు, అయినా పట్టుబట్టు.

కసవనహళ్లి సీమోడు:

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు.

స్లావియా అన్న చెప్పినట్టు ఫుల్ ట్యాంక్ లెక్క మొదలుపెట్టా. మామ గారు చెప్పినట్టు దొర్లించి చూశా, సర్జాపూర్ రోడ్డులో ఆదివారం పొద్దున్నే, హాయిగా దొర్లింది, చక్రాలు కూడా నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఆయిల్ బిల్లులో 0డబ్ల్యూ-20 అనే ఉంది. బండి బాగానే ఉన్నట్టు.

రీమ్యాప్, ఫిల్టర్ ఆలోచన వదిలేశా. బండి ఇంకో రెండేళ్లు ఉంచుతా, ఆ రెండేళ్లలో మా ఆఫీసు మారొచ్చు, మెట్రో బ్లూ లైన్ కూడా రావొచ్చు, అప్పుడు ఊళ్లో కారు తీసేదే తక్కువ. అప్పటికీ మనసు లాగితే టర్బో మాన్యువలే, డీసీటీలో ఆటోవాడికి దారి ఇచ్చేంత ఓపిక నాకు లేదు రెడ్డన్నా. హైబ్రిడ్ మా ఆవిడకి నచ్చింది, డిక్కీ 306 అని చెప్పగానే నచ్చడం మానేసింది.

మిగిలింది టైర్లే. 185/55లోనే చూస్తున్నా. ఒక టైర్ షాపులో సైలెంట్‌గా ఉండే మెత్తటి రకం చూపించారు, ఇంకోచోట ఎక్కువ కాలం వచ్చే గట్టి రకం. మామా, వానలో గ్రిప్ కావాలి, అనంతపురం ఎండకి కూడా తట్టుకోవాలి, ఏది తీసుకోమంటావు? జేసీ రోడ్డులో తక్కువకి వస్తాయంటున్నారు, నిజమేనా?

వర్క్‌షాప్ మామ:

నీ తిరుగుడు ఎక్కువ ఊళ్లోనే కాబట్టి మెత్తటి రకమే తీసుకో. పదివేల కిలోమీటర్లు ముందే అరిగినా తడి రోడ్డు మీద బ్రేక్ పడాలి, అది ముఖ్యం. గట్టి రకం ట్యాక్సీల వాళ్లకి.

జేసీ రోడ్డులో ధర తగ్గుతుంది, కానీ టైరు పక్కన నాలుగంకెల నంబరు చూడకుండా డబ్బు ఇవ్వకు. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరు నెలలు దాటిన స్టాకు అయితే ఇంకాస్త తగ్గించమను, ఏడాది దాటితే వద్దను. నాలుగూ ఒకే నెలవి ఇమ్మని అడుగు. గాలి మాత్రం వాడు 40 కొట్టేసి పంపిస్తాడు, డ్రైవర్ డోరు తెరిస్తే స్టిక్కరు మీద ఎంతో రాసి ఉంటుంది, మర్నాడు పొద్దున బండి తీయకముందు దాని ప్రకారం సరిచేయించు. వెళ్తే శనివారం పది లోపల వెళ్లు, ఆ తర్వాత అక్కడ బండి నిలపడానికి చోటు దొరకదు.